ఏడో తరగతి లెక్కలు: ఆట ఆడిస్తే నవ్వుతున్నారు, లెక్క ఇస్తే కిటికీలోకి చూస్తున్నారు

హార్బర్ టీచర్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. విశాఖలో పాతనగరం వైపు ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతున్నాను. మొన్నటి మెగా డీఎస్సీలో స్కూల్ అసిస్టెంటుగా వచ్చాను. అంతకు ముందు ఆరేళ్లు ప్రైవేటులో పనిచేశాను. అక్కడ నా పని తేలిక. రోజుకి పాతిక లెక్కలు బోర్డు మీద వేయాలి, పిల్లలు ఎక్కించుకోవాలి, శనివారం టెస్టు. ఎవరికి అర్థమైందో ఎవరూ అడగరు. నేనూ అడగలేదు, ఒప్పుకుంటున్నాను.

ఇక్కడ ఏడో తరగతిలో నలభై ఒక్క మంది. సగం మంది వేటకెళ్లే ఇళ్ల పిల్లలు, మిగతా వాళ్లవి ఆటోలు, టిఫిన్ బళ్లు, పోర్టులో కూలి పనులు. చేరిన కొత్తలో ఉత్సాహంగా ఆరు వందల రూపాయలు నా చేతి నుంచి పెట్టి పేపరు ప్లేట్లు, రంగు అట్టలు కొన్నాను. ప్లేట్లు కోసి భిన్నాలు చెప్పాను. వైకుంఠపాళి పటం మీద మైనస్ గడులు రాసి పూర్ణ సంఖ్యల ఆట ఆడించాను. ఎంత సరదా పడ్డారంటే, బెల్ కొట్టినా లేవలేదు. నా అంత టీచరు లేదనుకుని ఇంటికెళ్లాను.

మర్నాడు చిన్న స్లిప్ టెస్టు పెట్టాను. −3 − (−5) ఎంత అంటే తొమ్మిది మంది సరిగ్గా రాశారు. 1/2 + 1/3 కి ఇరవై ఆరు మంది 2/5 అని రాశారు. పైన పైన కలిపారు, కింద కింద కలిపారు. ప్లేట్లు ఏ గోదావరిలో కలిసిపోయాయో తెలీదు.

ఇంకో సంగతి చెప్పాలి. ఆ ఇరవై ఆరు మందిలో ఆఖరి బెంచీ కుర్రాడు ఒకడున్నాడు. క్లాసులో నోరు విప్పడు. ఆ ముందు ఆదివారం పొద్దున్నే వంజరం కొందామని మా ఆయనతో ఫిషింగ్ హార్బర్‌కి వెళ్తే, వేలం పాట దగ్గర వాళ్లమ్మ పక్కన నిలబడి ఉన్నాడు. గంప పదకొండు వందల యాభై, మూడు గంపలు, నూటికి ఐదు కమీషను పోవాలి. నేను ఫోను తీసేలోగా "మూడువేల రెండొందల డెబ్బై ఏడున్నర" అన్నాడు. ఎలా చేశావురా అంటే, "నూటికి పదైతే మూడొందల నలభై ఐదు కదా మేడం, అందులో సగం తీసీడమే" అన్నాడు, ఇందులో అడగడానికేముంది అన్నట్టు. ఆ కుర్రాడే బుధవారం నాకు 2/5 రాసిచ్చాడు.

ఆట పట్టుకెళ్తే సర్కస్ అవుతోంది, పుస్తకం తెరిస్తే నిద్ర వస్తోంది. ఎఫ్ఏ (ఫార్మేటివ్ పరీక్ష) దగ్గర పడింది. పక్క క్లాసు మాస్టారు ఇప్పటికి రెండుసార్లు గోల ఎక్కువైందని వచ్చి చెప్పారు. లెక్క మీదే ఆసక్తి పుట్టించడం, అంటే ఆట మీద కాకుండా, ఎవరైనా చేసి ఉంటే చెప్పండి. నెట్‌లో దొరికే "పది చిట్కాలు" వద్దు, అన్నీ చదివేశాను.

ఎక్కాలు ముందు

మేడం, ఏమీ అనుకోకండి. గాజువాకలో పదహారేళ్లుగా ట్యూషన్ చెబుతున్నాను. ఏడో తరగతికి వచ్చినా 7 ఎనిమిదులు ఎంతంటే వేళ్లు లెక్కపెట్టేవాళ్లు సగం మంది ఉంటారు. వాళ్లకి క.సా.గు. ఎలా వస్తుంది? భిన్నాలు ఎలా వస్తాయి? ఆసక్తి అనేది వచ్చినవాడికే పుడుతుంది. రోజూ పీరియడ్ మొదట్లో ఐదు నిమిషాలు నోటి లెక్కలు, నిలబెట్టి కాదు, అందరూ కలిసి. నెల రోజులు చేసి చూడండి. ప్లేట్లు తర్వాత కోసుకోవచ్చు.

హార్బర్ టీచర్

సార్, ఎక్కాల మాట ఒప్పుకుంటాను, సోమవారం నుంచి మొదలుపెడతాను. కానీ ఆ కుర్రాడికి ఎక్కాలు నాకంటే బాగా వచ్చు. అయినా 2/5 రాశాడు. నాకు తెగనిది అక్కడే.

సుద్దముక్క

మేడం, గోపాలపట్నం వైపు ఇరవై మూడేళ్లుగా ఇదే పని. మీ 2/5 నాకు పాత చుట్టం, ఏటా జూలైలో వస్తుంది.

మొదట ఒక మాట. దాన్ని తప్పని కొట్టెయ్యకండి. బోర్డు మీద పెద్దగా రాసి ఒక్క ప్రశ్న అడగండి: "2/5 సగం కన్నా ఎక్కువా, తక్కువా?" కాసేపు ఊరుకోండి. ఈ ఊరుకోవడమే కష్టం. నాకు ఎనిమిదేళ్లు పట్టింది నేర్చుకోవడానికి. ఎవడో ఒకడు "తక్కువ సార్, ఐదులో సగం రెండున్నర కదా" అంటాడు. అప్పుడు, "సగానికి ఇంకొంత కలిపితే సగం కన్నా తగ్గిపోయిందేంటి మరి?" అనండి. ఆ క్షణంలో క్లాసు ముఖం చూడాలి. ప్లేట్లు, అట్టలు ఏవీ అక్కర్లేదు.

రెండోది ఇంకా బాగుంటుంది. 2/5 సరైన జవాబయ్యే చోటు కూడా ఉంది. సోమవారం టెస్టులో రెండు ప్రశ్నలకి ఒకటి రైటు, మంగళవారం మూడింటికి ఒకటి రైటు. మొత్తం మీద? ఐదుకి రెండు. పిల్లలు చేసే పని అదే. వాళ్లు బుర్ర లేక రాయడం లేదు, వేరే ప్రశ్నకి జవాబు రాస్తున్నారు. ఈ మాట వాళ్లకి చెప్పి చూడండి. "నీ జవాబు కరెక్టే, ప్రశ్న ఇది కాదు" అంటే ఆఖరి బెంచీ వాడు కూడా తలెత్తుతాడు. తర్వాత ఆ రెండు ప్రశ్నలకీ తేడా ఏమిటని వాళ్లనే తేల్చమనండి. ఒక పీరియడ్ పోతుంది. పోనివ్వండి, తర్వాత నాలుగు పీరియడ్లు మిగులుతాయి.

మైనస్ సంగతి. మన ఊరి పిల్లలకి సముద్ర మట్టం అంటే బొమ్మ గీయక్కర్లేదు. ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ చూడనివాడు ఉండడు. 1969లో నేవీలో చేరింది, 2001లో పని మానింది, 2002 నుంచి ఒడ్డున మ్యూజియంగా కూర్చుంది. నేను దాన్నే వాడతాను. నీళ్ల మీద ఉంటే సున్నా. నిమిషానికి 5 మీటర్లు కిందికి దిగుతోంది, అంటే −5. నాలుగు నిమిషాల తర్వాత ఎక్కడుంటుంది? −20, అందరూ చెబుతారు. ఇప్పుడు −40 లో ఉంది, నాలుగు నిమిషాల క్రితం ఎక్కడుంది? −20 అంటారు. అంటే ఇప్పటికన్నా 20 పైన. "క్రితం" అంటే −4, "దిగడం" అంటే −5, రెండూ గుణిస్తే +20 ఎందుకొచ్చిందో నేను చెప్పను, వాళ్లే చెబుతారు. తీసివేతకి మాత్రం ఇది అంత బాగా అతకదు. దానికి వరస రాస్తాను: −3 − 2 = −5, −3 − 1 = −4, −3 − 0 = −3, తర్వాత −3 − (−1). "పై వరస చూసి నడపండి" అంటే −3 − (−5) దాకా వాళ్లే వచ్చి 2 దగ్గర ఆగుతారు.

అన్నట్టు ఆ సబ్‌మెరైన్ పొడవు 91 మీటర్లు పైచిలుకు. ఒకసారి మా గ్రౌండ్‌లో టేపు పట్టి గీద్దామని బయల్దేరాం. గ్రౌండ్ చాలలేదు. ముక్కు భాగం గేటు దాటి టీ బడ్డీ దాకా వెళ్లింది. బడ్డీ ఆయన "ఏటి మాస్టారూ, నా బడ్డీ తీసేత్తారేటి?" అని కంగారు పడ్డాడు. ఆ మర్నాడు స్కేలు డ్రాయింగ్, సెంటీమీటరుకి 10 మీటర్లు అంటే, ఒక్కడు కూడా "ఎందుకు సార్" అనలేదు. గ్రౌండ్‌లో పట్టని దాన్ని నోట్‌బుక్కులో పట్టించాలి కదా.

అన్నీ ఇలా కుదురుతాయనుకోకండి. కొలమానం కర్ర నీడతో జెండా స్తంభం ఎత్తు కనుక్కుందామని క్లాసుని బయటికి తీసుకెళ్తే, కర్ర నీడ 80 సెంటీమీటర్లు అని కొలిచేసరికి సముద్రం మీంచి మబ్బు వచ్చి కూర్చుంది. పీరియడ్ అయిపోయింది, నీడ రాలేదు. పిల్లలు నన్ను రెండు రోజులు ఏడిపించారు. మూడో రోజు ఎండొచ్చింది, కానీ నీడ 80 కాదు, వేరే లెక్క వచ్చింది. "సార్, స్తంభం పొట్టిదయిపోయిందా?" అని ఒకమ్మాయి. అనుపాతం పాఠానికి అంతకన్నా మంచి ప్రశ్న నేను పదేళ్లు కూర్చున్నా తయారుచేయలేను.

సింహాచలం గిరి ప్రదక్షిణ కూడా వాడుకోండి. ఆషాఢంలో తొలిపావంచా దగ్గర మొదలై 32 కిలోమీటర్లు. గంటకి నాలుగు కిలోమీటర్లయితే ఎనిమిది గంటలు. మా క్లాసులో నడిచొచ్చిన పిల్లల్ని అడిగితే ఒకడికి పదకొండు, ఒకడికి పదమూడు. "పుస్తకం లెక్క ప్రకారం ఎనిమిదే కదా, మిగతా మూడు గంటలు ఎక్కడికి పోయాయి?" అప్పుఘర్ దగ్గర సముద్ర స్నానం, మజ్జిగ క్యూ, మాధవధార దగ్గర చెల్లి ఏడుపు, ఎన్ఏడీ దగ్గర కాళ్లు చాపి కూర్చోవడం. సగటు వేగం అంటే ఏమిటో ఇంక నేను నిర్వచనం చెప్పలేదు.

గోల గురించి. హెచ్ఎంని ఒకసారి పిలిచి ఆఖరి బెంచీలో కూర్చోబెట్టండి. పక్క క్లాసు మాస్టారికి టీ ఇప్పించండి. రెండూ పనిచేస్తాయి.

డాబాగార్డెన్స్ అమ్మ

నేను టీచర్ని కాదు, ఒక అమ్మాయికి అమ్మని. మీ సంభాషణ అనుకోకుండా చూశాను. చదువుతుంటే ఒకటి అడగాలనిపించింది. ఈ వాదనలన్నింట్లో మాట్లాడేది ఎప్పుడూ అదే నలుగురు మగపిల్లలు కదా? మా పాపని ఆరో తరగతిలో బోర్డు దగ్గర నిలబెట్టి అందరి ముందూ నవ్వించారు. అప్పటి నుంచి లెక్కల పీరియడ్ ఉన్న రోజు పొద్దున్న కడుపునొప్పి. జవాబు వచ్చినా చెయ్యెత్తదు. అలాంటి వాళ్లకేం చేస్తారు?

సుద్దముక్క

అమ్మా, మంచి మాట అడిగారు. చెయ్యెత్తమనడం నేను మానేశాను. ముందు చిన్న కాగితం మీద పేరు లేకుండా రాయిస్తాను, అంచనా మాత్రమే, ఖచ్చితమైన జవాబు అక్కర్లేదు. అన్నీ కలిపేసి నేనే చదువుతాను. ఎన్ని రకాల జవాబులొచ్చాయో అన్నీ బోర్డెక్కుతాయి, ఎవరివో తెలీదు. పక్కపక్కన ఇద్దరిద్దరు మాట్లాడుకున్నాకే క్లాసంతా. ఇంత చేసినా ఏడాది పొడుగునా నోరు విప్పని వాళ్లు ఒకరిద్దరు ఉంటారు. కాగితం మీద మాత్రం రాస్తారు. నాకు అది చాలు.

పావూ వీసం

హార్బర్ టీచరమ్మకి ఆశీస్సులు. రిటైరై పదకొండేళ్లయింది. పెదవాల్తేరులో ఉంటాను, సాయంత్రాలు మనవడికి లెక్కలు చెబుతుంటాను, వాడు నాకు ఫోను చెబుతుంటాడు.

సుద్దముక్క గారు చెప్పినవి బాగున్నాయి. నేనొకటి కలుపుతాను. మీ పిల్లల్లో ఎవరినైనా పిలిచి, "అరకిలోకి పావుకిలో కలిపితే?" అని అడగండమ్మా. ముప్పావు అంటారు. ఒక్కరు కూడా తప్పు చెప్పరు. అదే 1/2 + 1/4 అని బల్ల మీద రాస్తే 2/6 రాస్తారు. రెండూ ఒకే లెక్క అని వాళ్లకి ఎవరూ చెప్పలేదు. పైగా 2/6 అంటే మూడో వంతు. అరకిలో పంచదార ఉన్న డబ్బాలో ఇంకో పావుకిలో పోస్తే పంచదార తగ్గిపోతుందన్న మాట!

ముప్పావు అనే మాటని విడదీయించండి. మూడు పావులు. లవం మూడు, హారం పావు, రెండూ పేరులోనే ఉన్నాయి. అరకి పావు కలపాలంటే నోరు తనంతట తానే అరని రెండు పావులు చేసుకుంటోంది. హారాలు సమానం చేయడమంటే అంతకన్నా ఏముంది? ఆ తర్వాత 1/2 + 1/3 కి రండి. "అర, మూడోవంతు, రెండింటికీ సరిపడే చిన్న ముక్క ఏది?" ఆరోవంతు తట్టడానికి కాస్త సమయం పడుతుంది, తట్టనివ్వండి.

మా నాన్నగారి రోజుల్లో ఎక్కాలంటే రెండో ఎక్కం నుంచి కాదు. అర ఎక్కం, పావు ఎక్కం, ముప్పావు ఎక్కం కూడా వల్లె వేసేవారు. వీసం అంటే రూపాయిలో పదహారో వంతు. పాత తెలుగు లెక్కల్లో ఈ భిన్నాలకి వేరే గుర్తులే ఉండేవి, నాలుగు చొప్పున భాగించుకుంటూ పోయే గుర్తులు. ఇప్పుడవి కంప్యూటరు యూనికోడ్‌లో కూడా ఉన్నాయట, మనవడు చూపించాడు. పిల్లలకి అవి నేర్పమనడం లేదు, అంత చాదస్తం లేదు. ఇంటికెళ్లి నాయనమ్మనీ అమ్మమ్మనీ "ముప్పావు కిలో టమాటా ధర ఎలా కడతావు?" అని అడిగి రమ్మనండి. కిలో 46 అయితే ఆవిడ 46ని మూడుతో గుణించి నాలుగుతో భాగించదు. అర ఇరవై మూడు, అందులో సగం పదకొండున్నర, మొత్తం ముప్పై నాలుగున్నర. రైతుబజారులో ధరల బోర్డు చూసి ఇంటికి ఐదు లెక్కలు రాసుకు రమ్మంటే సరి.

ఇంకొకటి. మీ పుస్తకాలు ఇప్పుడు ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు కదా. త్రీ ఫోర్త్స్ అనే మాట మీద పిల్లవాడు ఆగిపోతే అది లెక్క రాకపోవడం కాదు. ముందు తెలుగు పేజీ చదివించి, తర్వాత ఎదురు పేజీకి తీసుకెళ్లండి. మీడియం సంగతి పైవాళ్లు చూసుకుంటారు, మీకు లెక్క ముఖ్యం.

ఎక్కాలు ముందు

పెద్దాయన చెప్పిన పావు ఎక్కం నాకు నచ్చింది. ఎక్కాలు ముందనే నేనూ అన్నాను, గుర్తుంచుకోండి. 🙂

హార్బర్ టీచర్ (రెండు వారాల తర్వాత)

అందరికీ ధన్యవాదాలు. ఏం జరిగిందో చెప్పకపోతే బాగోదు.

"2/5 సగం కన్నా ఎక్కువా, తక్కువా" అడిగాను. ఊరుకున్నాను. నిజంగా చాలా కష్టం సార్, చేతిలో సుద్దముక్క రెండుగా విరిగింది. ఒకమ్మాయి, ఇంతవరకు నేను గొంతు వినని అమ్మాయి, కాగితం మీద "కలిపితే తగ్గదు కదా మేడం" అని రాసింది. అది చదివాక క్లాసు రెండు పార్టీలైంది. పక్క క్లాసు మాస్టారు మళ్లీ వచ్చారు. ఈసారి గుమ్మంలో నిలబడి కాసేపు విని వెళ్లిపోయారు. కోపంతోనో ఇష్టంతోనో తెలీదు.

ముప్పావు అద్భుతంగా పనిచేసింది మాస్టారూ, పాదాభివందనం. కాకపోతే టమాటా హోంవర్కు తెచ్చింది పందొమ్మిది మందే. ఇద్దరు ఒకే నాయనమ్మని తెచ్చారు, వాళ్లు చుట్టాలు కూడా కారు. సబ్‌మెరైన్ తీసుకెళ్లి మైనస్ గుణకారం గట్టెక్కించాను. తీసివేత ఇంకా సగం మందికి ఊగుతోంది. స్లిప్ టెస్టులో తొమ్మిది కాస్తా ఇరవై రెండు అయింది. ఎఫ్ఏకి ఒక పాఠం వెనకబడ్డాను, శనివారం ఎక్స్‌ట్రా క్లాసు తప్పదు.

నేను రాయాలనుకున్నది ఆ కుర్రాడి గురించి. భిన్నాలు మీ ఇళ్లలో ఎక్కడ వాడతారో చెప్పండర్రా అన్నాను. అందరూ కూరగాయలన్నారు. వాడు లేచి నిలబడి, "మా పడవలో వాటాలు మేడం" అన్నాడు. వాడి మాట ప్రకారం వచ్చిన డబ్బులో సగం పడవకి. మిగతా సగం ఆరు వాటాలు. ఐదుగురు మనుషులవి ఐదు, వలకి ఒకటి. నేను బోర్డు మీద సగంలో ఆరోవంతు, 1/12 అని వేసి, 24,000 వస్తే మీ నాన్నకి 2,000 అన్నాను. వాడు తల అడ్డంగా ఊపాడు. "రాదు మేడం. పదిహేనొందలే వత్తది."

నా లెక్కలో తప్పెక్కడా అని చూసుకుంటున్నాను. వాడే వచ్చి సుద్దముక్క తీసుకున్నాడు. డీజిల్ ఆరువేలు ముందు తీసేశాడు. పద్దెనిమిది వేలు, అందులో సగం తొమ్మిది, ఆరు వాటాలు, 1,500. ఇంతలో కిటికీ పక్క కుర్రాడు లేచాడు. వాళ్లది సొంత పడవ. డీజిల్ ముందే తీయాలి, లేకపోతే పడవాయన మునిగిపోతాడు అన్నాడు. ఇటు నుంచి ఇంకొకడు, పడవ సగం తీసుకుంటోంది కదా, డీజిల్ పడవే పెట్టుకోవాలన్నాడు. అలాగైతే పడవాయనకి ఎంత మిగులుతుంది, ఇలాగైతే ఎంత అని వాళ్లలో వాళ్లే కట్టడం మొదలుపెట్టారు. ముందు తీస్తే తొమ్మిదివేలు, తర్వాత తీస్తే ఆరువేలు. "ఆ మూడువేలు ఆరు వాటాల్లో ఐదొందల చొప్పున పోయింది" అని పట్టుకున్నది ఆ కాగితం అమ్మాయి. ఈసారి నోటితో చెప్పింది.

బెల్ అయింది. ఏది న్యాయమో నన్ను చెప్పమన్నారు. నాకు తెలీదన్నాను. బోర్డు మీద రెండు లెక్కలూ అలాగే ఉంచి పక్కన "చెరపవద్దు" అని రాసి వచ్చాను.

పావూ వీసం

మా వీధి చివర వలలు అల్లే ఆయన్ని అడిగాను టీచరమ్మా. వాళ్ల పడవలో డీజిలూ ఐసూ రెండూ ముందే తీస్తారట. ఐసు సంగతి మీ వాళ్లు మర్చిపోయారు.